'ఆయన ఒక క్యారెక్టరు' : పలనాటి వాడుకలో ఒక ఆంగ్లపదము

ఈ వ్యాసమునకు మూలము ఒక సిద్ధాంత వ్యాసమునందలి చిన్న వాక్యము. నాలుగేండ్ల క్రిందట మా పర్యవేక్షణమున పనిచేసిన విద్యార్థి యొకడు పలనాటి స్త్రీల పాటలను సేకరించుచు, మాచర్లకు సమీపముననున్న ఒక గ్రామమునకు పలుమార్లు పోయి వచ్చెను. ఆ యూర పాటలకు పేరుపడిన వృద్ధురాలు అప్పటికే కాలధర్మము నొందియుండెను. ఆమె పాడిన పాటలు మూడు క్యాసెట్లలో కుమారుని యింట నిలిచియుండెను. ఆతడు వానిని విశ్వసించి మా విద్యార్థి చేతికిచ్చెను. విద్యార్థి పాటలను శ్రద్ధతో వ్రాసికొనెను. వానికి ముందు గాయికను పరిచయము చేయుచు అర పుట వ్రాసెను. చుట్ట త్రాగుట, కోతలకు పోయిన చేలలో మేస్త్రీతో కూలి విషయమున వాదించుట, ఎన్నికల దినములలో రెండు పక్షములవారికిని ఒకే పీటవేసి కూర్చుండబెట్టి ఇద్దరిని తిట్టుట మొదలగునవన్నియు అందులో చక్కగా చెప్పి, చివర "ఆమె ఆ ఊరికొక క్యారెక్టర్" అని ముగించెను. మేము ఆ పుటను చదివితిమి. ఎఱ్ఱ సిరా మేము పొదుపుగా వాడువారము కాము. అయినను ఆ వాక్యము మీద మా కలము ఆగలేదు.

వ్యాసపు ప్రతి నొకదానిని విద్యార్థి ఆ యింటికి తీసికొనిపోయి యిచ్చెను. కళాశాలలో చదువుచున్న మనుమరాలు ఆ పుటను అందఱు వినునట్లు చదివినది. చివరి వాక్యము వినగనే కుమారుడు లేచి నిలుచుండి, "మా అమ్మ క్యారెక్టర్ గురించి రాయటానికి మీరెవరండీ?" అనెను. అది మెచ్చుకోలు మాటయే యని విద్యార్థి ఎంత చెప్పినను వినలేదు. క్యాసెట్లు తిరిగి తీసికొనెను. పాటలను అచ్చువేయరాదని ఖండితముగా చెప్పెను. రెండేండ్ల శ్రమ ఒక్క నామవాచకము చేత నిలిచిపోయినది. ఆ తప్పు విద్యార్థిది కాదు, మాది. కావున ఆ పదమును గూర్చి, ఆ పదము ప్రవేశించిన తెలుగు వాక్యమును గూర్చి, అప్పటినుండి మేము గమనించిన విషయములను ఇచ్చట వివరింప దలచితిమి.

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల వ్యవహారమున 'క్యారెక్టరు' అను పదమునకు మూడర్థములు వినబడుచున్నవి. ఇవి పలనాటికే పరిమితములైనవి కావు. మేము విన్నది అచ్చట గనుక అచ్చటి వాక్యములనే ఉదాహరించుచున్నాము. మొదటిది శీలము. "ఆ పిల్లవాడి క్యారెక్టరు మంచిది" అనునప్పుడు గల యర్థమిది. రెండవది పాత్ర. "ఆ సినిమాలో తండ్రి క్యారెక్టరు బాగుంది" అనుట ఎల్లరెఱిగినదే. మూడవది మన ప్రస్తుత విషయము: నలుగురిలో కలియక, తన తీరు తనదిగా నుండి, చూచువారికి వింతయు వినోదమును కలిగించు మనిషి. "మా మామయ్య ఒక క్యారెక్టరండీ" అనునప్పుడు చెప్పువాని ముఖమున చిఱునవ్వుండును. వినువాడు వెంటనే ఒక కథకు సిద్ధపడును.

ఈ మూడింటిని వేఱుచేయునది అర్థము మాత్రమే కాదు, వాక్యనిర్మాణము. శీలార్థమున ఈ పదము మనిషికి చెందిన వస్తువు. అది ఉండును, లేకపోవును, మంచిదగును, చెడిపోవును. మనిషి షష్ఠిలోనో చతుర్థిలోనో నిలుచును. "వాడికి క్యారెక్టరు లేదు", "వాడి క్యారెక్టరు మంచిది కాదు". వైలక్షణ్యార్థమున మనిషియే ఆ పదమగును. అప్పుడు 'ఒక' అనునది తప్పక రావలెను; అది పోయినచో అర్థమే చెడును. "ఆయన ఒక క్యారెక్టరు" అన్నచో మెచ్చుకోలు; "ఆయన క్యారెక్టరు..." అని ఒక్క క్షణమాగినచో వినువాడు చెడ్డమాట కొఱకు చెవి యొగ్గును. ఇంత పెద్ద భేదము ఇంత చిన్న పదముపై నిలిచియుండుట ప్రమాదకరమని వేఱుగా చెప్పనక్కఱలేదు. మధ్యమ పురుషమున "నువ్వొక క్యారెక్టరువిరా" అని పురుషబోధక ప్రత్యయము కూడ చేరుచున్నది. అనగా పదము అతిథిగా వచ్చి యింటివాడైనది.

అయితే విద్యార్థి వాక్యమున 'ఒక' ఉన్నది గదా, మఱి కుమారుడు ఏల అపార్థము చేసికొనెను? మాకు మొదట తోచిన సమాధానము ఆతడు ఆంగ్లము రానివాడనుట. అది తప్పు. ఆతడు పదవ తరగతి వఱకు చదివినవాడు. ఎరువుల దుకాణమున దినమునకు నూఱు ఆంగ్లపదములు వాడువాడు. అసలు కారణము వేఱు. మూడవ యర్థము పలనాటి వాడుకలో పురుషుల కొఱకే ఏర్పడియున్నది. ఆ సంఘటన తరువాత మేము చెవియొగ్గి విన్నంతలో మేనమామలు, ఉపాధ్యాయులు, గ్రామకరణములుగా పనిచేసిన వృద్ధులు, హోటలు యజమానులు, నాటకములలో వేషములు కట్టినవారు 'క్యారెక్టర్లు'గా పేర్కొనబడిరి. స్త్రీని గూర్చి ఆ మాట వినవచ్చినపుడెల్ల అది మొదటి యర్థముననే వినవచ్చినది. అదియు తఱచుగా నిందగా. స్త్రీ విషయమున శీలార్థము మిగిలిన రెండింటిని మ్రింగివేయుచున్నది. పట్టణపు కళాశాలలలో చదివిన యువతులు తమ స్నేహితురాండ్రను గూర్చి మూడవ యర్థమున వాడుట ఇటీవల ఆరంభమైనది గాని, ఆ గ్రామమున ఆ గృహమునకు ఆ వాడుక ఇంకను చేరలేదు. కుమారుడు తన భాషను సరిగానే చదివెను. చదువలేనివారము మేమే.

ఇక పదచరిత్ర. మూలమైన గ్రీకు పదమునకు చెక్కు పనిముట్టు అనియు, చెక్కుటచేతనో అచ్చొత్తుటచేతనో పడిన గుర్తు అనియు అర్థములు. నాణెముపై పడు ముద్ర వంటిది. అరిస్టాటిలు శిష్యుడైన థియోఫ్రాస్టసు క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో ఈ పేరుతోనే ఒక చిన్న గ్రంథమును రచించెను. అందు ముప్పది మనుష్య స్వభావ చిత్రములున్నవి: ముఖస్తుతి చేయువాడు, వదరుబోతు, పిసినిగొట్టు, మోటువాడు ఇత్యాదులు. గమనింపదగిన దేమన, అచ్చట ఈ పదము విలక్షణ వ్యక్తిని చెప్పదు, వర్గమును చెప్పును. పిసినిగొట్టులందఱి మీదను పడిన ఒకే ముద్ర అది. ఆంగ్లమున ఈ పదము గుర్తు, అక్షరము, లక్షణము, స్వభావము, శీలము, నాటక పాత్ర అను మెట్లెక్కి, పదునెనిమిదవ శతాబ్దినాటికి వింత మనిషి అను అర్థమునకు వచ్చినది. వర్గమును చెప్పిన పదము వర్గమునకు లొంగని వానిని చెప్పుటకు వచ్చినదన్నమాట.

విచిత్రమేమన, సరిగా ఇట్టి ప్రయాణమునే తెలుగున మఱొక ఆంగ్లపదము చేసినది. అది 'టైపు'. దీని మూలమును గ్రీకే. దెబ్బ, దెబ్బచే పడిన ముద్ర అని అర్థము. అచ్చుయంత్రమునందలి సీసపు అక్షరములకు, ఆపై కార్యాలయములలోని యంత్రమునకు ఆ పేరు వచ్చుట మనకు తెలియును. నరసరావుపేటలో ఒక తరము యువకులు ఉద్యోగముల కొఱకు సాయంకాలములు 'టైపు నేర్చుకొని'రి. ఆంగ్లమున మనుష్యులపరముగా ఈ పదము వర్గవాచకము: ఫలానా తరగతి మనిషి. తెలుగున "వాడదో టైపు" అన్నచో ఏ తరగతికిని చెందనివాడని అర్థము. వర్గవాచకమును తీసికొని దానికి 'అదో' చేర్చి తెలుగు దానిని తలక్రిందులు చేసినది.

'అదో' అనునది 'అది' 'ఒక' అనువాని కలయిక. దీని పని సూక్ష్మమైనది. వక్త ఒక వస్తువును చూపుచున్నాడు, కాని దాని పేరు చెప్పుట లేదు. చెప్పుటకు మాట లేదనియో, చెప్పిన బాగుండదనియో, వినువానికి తెలియుననియో భావము. "అదో టైపు", "అదో రకం", "అదో తీరు" అనువానిలో వర్ణన యేమియు లేదు. వర్ణింప నిరాకరించుట ఉన్నది. ఈ కారణము చేతనే ఇవి కొంచెము నిందాస్పర్శ గలవైనవి. పెండ్లి సంబంధము మాట్లాడునపుడు "పిల్లవాడు అదో టైపు" అని ఎవరైన అన్నచో, అంతటితో ఆ సంబంధము ముగిసినట్లే.

'రకము' కూడ అన్యదేశ్యమే. అది అరబీ నుండి ఉర్దూ ద్వారమున, పరిపాలనా వ్యవహారము వెంట వచ్చినది. దాని మూలార్థము వ్రాసిన గుర్తు, అంకె. చూడుడు: గ్రీకున ముద్ర, మఱల గ్రీకున ముద్ర, అరబీలో గుర్తు. మనిషి విలక్షణుడని చెప్పుటకు తెలుగువాడు మూడు మార్లు పొరుగు భాషలకు పోయి మూడు మార్లు గుర్తునే తెచ్చుకొనెను. ఇది కాకతాళీయమనియే మా యభిప్రాయము. మన వాడుకలోని వానికి ఆ మూలార్థములు తెలియవు. కాని పత్రికలలో నేడు "తనదైన ముద్ర వేసిన వ్యక్తి" అని వ్రాయుచున్నప్పుడు ఆ బొమ్మ నాలుగవ మాఱు వచ్చినదని చెప్పవచ్చును.

అన్యదేశ్యములకు పూర్వము తెలుగున ఈ భావమునకు మాటలు లేవా? ఉన్నవి; చాల నున్నవి. మొండిఘటము, గట్టిపిండము, చిచ్చరపిడుగు, గడుగ్గాయి, మాలోకము. వీనిలో 'ఘటము' ఎక్కువ ఆలోచింపదగినది. వేదాంత వ్యవహారమున శరీరము ఘటము. ఘటాకాశ మహాకాశముల దృష్టాంతము హరికథలు విన్న పల్లెలవారికందఱికిని పరిచితమే. ఆ శాస్త్రపు కుండ వాడుకలోనికి దిగి, గట్టి ప్రాణము గల మనిషి, పట్టు విడువని మనిషి అను అర్థములను పొందినది. నాటక పరిభాషలోని 'పాత్ర'యు మూలార్థమున కుండయే, గిన్నెయే. రెండును పాత్రలే అయినను "వాడొక ఘటం" అందుము. "వాడొక పాత్ర" అనము. 'పాత్ర' శాస్త్ర గౌరవమును వదలి వీథిలోనికి రాలేదు. ఆ ఖాళీ స్థలముననే 'క్యారెక్టరు' వచ్చి కూర్చున్నది. నాటకమందలి పాత్రను, నాటకము వంటి మనిషిని ఒకే మాటతో చెప్పు సౌలభ్యము అన్యదేశ్యము వలన కలిగినది.

వ్యాకరణ దృష్టితో చూచినచో ఈ వాక్యములన్నిటికిని ఒకే అచ్చు కలదు. మహద్వాచకమైన కర్తకు అమహద్వాచకమును విధేయముగా నిల్పుట ఆ అచ్చు. "ఆయన గట్టి పిండం", "వాడొక పిడుగు", "ఆమె నిప్పు", "వాడు వెన్నపూస". మనిషిని క్షణకాలము వస్తువుగా చేసి చూపుట వలననే ఆ మాటకు బలము వచ్చుచున్నది. 'క్యారెక్టరు', 'టైపు', 'కేసు' అను ఆంగ్లపదములు ఈ అచ్చులోనికే పోయబడినవి. పదములు మాత్రమే క్రొత్తవి, వాక్యము పాతది. ఆంగ్ల ప్రభావమును గూర్చి వ్రాయువారు తఱచుగా పదములను లెక్కించి ఆగిపోవుచున్నారు. పదము కూర్చున్న పీఠమెవరిదో చూచుట లేదు.

అమహద్వాచకము వాడుట అవమానము గదా యని కొందఱు విద్యార్థులు అడిగిరి. కుమారుని కోపమునకు ఇదియే కారణమని వారి యూహ. మేమును కొన్నాళ్లు అట్లే అనుకొంటిమి. ఆ యూహ నిలువదని తరువాత తెలిసినది. దానిని చివర చెప్పుదుము.

'కేసు' సంగతి క్లుప్తముగా చూతము. లాటిను మూలమున దీనికి పడుట, సంభవించుట అని అర్థము. తెలుగునకు న్యాయస్థానము ద్వారమున, వైద్యాలయము ద్వారమున వచ్చినది. "వాడొక కేసు" అన్నప్పుడు ఆ రెండు ద్వారములును తెఱచియే యున్నవి: వాడు విచారణకైనను యోగ్యుడు, చికిత్సకైనను యోగ్యుడు. 'పార్టీ' దస్తావేజులనుండి వచ్చి, "గట్టి పార్టీ" అనునప్పుడు ధనవంతుని చెప్పుచున్నది. పలనాటి గ్రామములలో ఆ మాటకు కక్షిదారుల గుంపు అను అర్థమే ప్రబలము గనుక, వ్యక్తిపరమైన వాడుక పట్టణ వ్యాపారులకే పరిమితము. సి.పి.బ్రౌను 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు ఇట్టి కచ్చేరీ పదముల కొఱకే ప్రత్యేకముగా కూర్చబడినది. అన్యదేశ్యములను నిఘంటువున చేర్చుట భాషకు మైలయని తలచిన పండితులు తరువాతి కాలమున ఎందఱో యుండగా, ఆయన వానికొక పుస్తకమునే కేటాయించుట మెచ్చదగినది.

'హీరో' అను మాట మాత్రము పలనాట విడిగా చెప్పవలసినది. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడి యున్నది. పండ్రెండవ శతాబ్దిలో పలనాటి యుద్ధమున నేలకూలిన వారిని అచ్చట శిలారూపములుగా పూజింతురు. ఏటేట కార్తికమాసపు అమావాస్యనాడు ఆరంభమై ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఉత్సవము జరుగును. వీరవిద్యావంతులు కథలు పాడుదురు. ఆ కథాసంప్రదాయము నొక గాయకుని నోట విని జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు ఆంగ్లానువాదముతో 1982లో గ్రంథముగా ప్రకటించెను. అట్టి సీమలో 'వీరుడు' అను పదము వీథిలో డాబు కొట్టువానికి వాడుటకు నోరు రాదు. "వాడు పెద్ద హీరో అయిపోయాడు" అనుటకు మాత్రము అభ్యంతరము లేదు. ఒకే యర్థమున రెండు పదములున్నప్పుడు ఒకటి గుడిలోను, ఒకటి కూడలిలోను నిలిచినవి. 'పాత్ర', 'క్యారెక్టరు' అనువాని విభాగమును ఇట్టిదే. అన్యదేశ్యము వచ్చి దేశీయ పదమును చంపినదని వాపోవుట పరిపాటియైనది. ఇచ్చట అది దేశీయ పదమును పరిహాసము నుండి కాపాడినది.

వ్యక్తి వైలక్షణ్యమును పేర్లతో చెప్పుట మనకు మఱొక పురాతన మార్గము. నారదుడు, దుర్వాసుడు, కుంభకర్ణుడు, శకుని, నక్షత్రకుడు అను పేర్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము స్థిరపడినది. ఆధునిక సాహిత్యము నుండి ఈ పట్టికలో చేరినవాడు గిరీశము. కన్యాశుల్కము 1897లో తొలిసారి అచ్చై, 1909లో పునర్లిఖితమై వచ్చిన తరువాత, మాటకారియైన వంచకుడు కనబడినచోట ఆ పేరు వినబడుచున్నది. సగము ఆంగ్లము మాట్లాడు గిరీశమే తెలుగున మొదటి 'క్యారెక్టరు' అని మా సహాధ్యాపకు లొకరు వేడుకగా అనుచుందురు. ఈ పేర్లకును 'క్యారెక్టరు'నకును భేదమేమి? పేరు గుణమును నిర్ణయించును: నారదుడన్నచో తగవు పెట్టువాడే, కుంభకర్ణుడన్నచో నిద్రపోతే. 'క్యారెక్టరు' ఏ గుణమును నిర్ణయింపదు. మనిషి వింతవాడని మాత్రము చెప్పి, ఆ వింత యేమో కథ చెప్పువానికి వదలును. "ఆయన ఒక క్యారెక్టరు" అను వాక్యము తరువాత వక్త ఊరకుండలేడు. "ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టవలసినదే. మొండిఘటము మొదలగు దేశీయ పదములును గుణమును చెప్పునవే. గుణమును చెప్పక, నిందింపక, వింతను మాత్రము ప్రీతితో చెప్పు మాట కొఱత యుండెను. ఆ కొఱత తీర్చుటయే ఈ పదము వేళ్లూనుటకు కారణమని మా నమ్మకము.

పత్రికాభాషలో ఇదే భావమునకు 'వర్ణరంజితమైన వ్యక్తిత్వము' అను సమాసము ప్రచారమున నున్నది. ఆంగ్లమును మాటకు మాటగా తెచ్చినదిది. పల్లెలో దీనిని ఎవరును ఎఱుగరు. వర్ణము, రంగు అను మాటలు మనుష్యులపరముగా వచ్చినపుడు తెలుగున శుభము చెప్పుట అరుదు. రంగులు మార్చువాడు ఊసరవెల్లి. రంగు బయటపడినవాడు మోసగాడు. రంగు పూసికొన్నవాడు వేషధారి. 'రంగేళి' అను మాట యొక్కటి ఉల్లాసమును తెలుపును గాని దానివెంట విలాసమును, దుబారాయును కూడ వచ్చును. కావున ఒక మహనీయుని జీవితచరిత్రలో 'రంగులమయమైన వ్యక్తి' అని వ్రాయు విద్యార్థి, తాను వ్రాసినదానిని ఆయన బంధువులకు వినిపించుటకు ముందు ఒకమాఱు ఆలోచించుట మేలు. 'పర్సనాలిటీ' అనుదాని సంగతి ఇంకను వేడుకైనది. "ఆయనది మంచి పర్సనాలిటీ" అన్నచో ఆజానుబాహువు, నిండైన విగ్రహము గలవాడని అర్థము. సన్ననివానికి తెలుగున పర్సనాలిటీ లేదు! ఆంగ్లమునకు మూలమైన లాటిను పదమునకు నాటకపు ముసుగు అని యర్థము. అది ఆంగ్లమున మనసులోనికి దిగగా, తెలుగున మఱల శరీరముపైకి వచ్చినది.

ఇంతవఱకు చెప్పిన చిక్కు సాహిత్య విమర్శలో కూడ కలదు. పలనాటి వీరచరిత్రను బోధించు ప్రతి అధ్యాపకునికిని నాయకురాలు నాగమ్మను గూర్చిన ప్రశ్న తటస్థించును. "నాగమ్మ క్యారెక్టరును వివరింపుడు" అని తరగతిలో నోటిమాటగా అడుగుదుము. విద్యార్థులు వ్రాయు సమాధానములలో సగము ఆమె పాత్రపోషణను గూర్చియు, సగము ఆమె శీలమును గూర్చియు నుండును. ఒకదాని నుండి మఱొకదానికి ఎప్పుడు దాటినది వ్రాసినవానికే తెలియదు. బ్రహ్మనాయుని గూర్చిన సమాధానములలో ఈ దాటుట కనబడదు. ఆయన రాజనీతి, చాపకూటి వంటి ఆయన సంస్కారములు, కన్నమదాసును ఆదరించుట విచారింపబడును. నాగమ్మ మంత్రాంగము, కోడిపోరున గెలిచిన యుక్తి విచారింపబడవలసినచోట ఆమె మంచిదా చెడ్డదా యను విచారణ జరుగును. నలగామరాజు కొలువున మంత్రిత్వము నెఱపి, యుద్ధమున ఒక పక్షమును నడపిన స్త్రీగా కథ చెప్పు ఆమె పేరు, నాయకురాలి కనుమ అను కొండదారి పేరున నేటికిని ఆ సీమలో నిలిచియున్నది. కథను ఒక పక్షమువారి అభిమానముతో విన్నవారికి ఆమె ప్రతినాయిక యగుట సహజమే. కాని ఆ అభిప్రాయమునకు మన ప్రశ్నయే తోడ్పడుట న్యాయము కాదు. మేము ఇటీవల ఆ ప్రశ్నను "నాగమ్మ పాత్ర నిర్మాణమును పరిశీలింపుడు" అని మార్చితిమి. సమాధానములు కొంత మెఱుగుపడినవి, పూర్తిగా కాదు.

నిఘంటుకర్తలకు ఒక మనవి. ఇకముందు కూర్చబోవు వ్యవహార కోశములలో 'క్యారెక్టరు' క్రింద మూడర్థములను వరుసగా వ్రాసి ఊరకున్న చాలదు. మూడవ యర్థమునకు 'ఒక' అనుదాని యావశ్యకతను, ప్రాయికముగా పురుషపరమగుటను, స్త్రీపరమైనపుడు శీలార్థము ముందుగా స్ఫురించుటను ఉదాహరణ వాక్యములతో తెలుపవలెను. అర్థము తెలిసియు వాడుక తెలియనివాడు మా విద్యార్థి వలెనే చిక్కున పడును. క్షేత్రపర్యటనము చేయు విద్యార్థులును, ఒక వ్యక్తిని గూర్చి తాము వ్రాసిన మాటలను ఆ యింటివారికి ముద్రణకు ముందే చదివి వినిపించుట అలవాటు చేసికొనవలెను.

క్యాసెట్ల సంగతి చెప్పవలసియున్నది. సంఘటన జరిగిన మూడు నెలలకు మేము స్వయముగా ఆ గ్రామమునకు పోతిమి. కుమారుడు మమ్ము అరుగు మీద కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చెను. మాట మాత్రము తక్కువగా నుండెను. ఆ వాక్యమును మేము చూచియు తీసివేయకపోతిమని, తప్పు పెద్దవారమైన మాదేయని చెప్పితిమి. కొంతసేపటికి, "పోనీ, మీ అమ్మగారిని గురించి ఏమని వ్రాయవలెనో మీరే చెప్పండి" అని అడిగితిమి. ఆతడు కొంచెము సేపు ఊరకుండి, "మా అమ్మ మొండి ఘటమండీ. ఏదన్నా అనుకున్నదంటే అది అయ్యేదాకా ఊరుకునేది కాదు. మా నాన్న పోయినాక రెండెకరాలు కౌలుకు చేసి మమ్మల్ని ముగ్గుర్ని పెంచింది. అట్టాంటి మనిషి మళ్ళీ పుట్టిద్దా?" అనెను.

అమహద్వాచకము అవమానకరమను మా యూహ అప్పుడే వీగిపోయినది. 'ఘటము' అమహత్తే, 'మొండి' అనునది పైకి నిందయే. అయినను కొడుకు తల్లిని గూర్చి ఆ మాట చెప్పుచు కన్నులొత్తుకొనెను. ఆ పదమున ఏ గుణము చెప్పబడుచున్నదో చెప్పువానికిని వినువానికిని తెలియును. మఱొక గుణము అందులో దూరుటకు సందు లేదు.

ఆ సాయంకాలమే మేము ఆ పుటలోని చివరి వాక్యమును కొట్టివేసి, కుమారుని మాటలను ఉన్నవున్నట్లు చేర్చి, ఆతనికి చదివి వినిపించితిమి. 'పుట్టిద్దా' అనుదానిని 'పుట్టునా' అని దిద్దవద్దని మనుమరాలు చెప్పినది, దిద్దలేదు. క్యాసెట్లు మూడును మా విద్యార్థి సంచిలోనికి వచ్చినవి. రెండవదాని టేపు ఒకచోట తెగియున్నది. ఆ పాట చివరి నాలుగు చరణములను ఇరుగుపొరుగు వృద్ధురాండ్ర నోట విని పూరించు పని ఇంకను జరుగుచున్నది.